శూన్యానికి కర్త

క్రియ ఉన్నచోట కర్త ఉండాలన్నది వ్యాకరణంలో మొదటి పాఠం. కర్త పైకి కనిపించకపోవచ్చు. అప్పుడు అధ్యాహారం చేసుకుంటాం. కాని చేసేవాడు లేని పనిని ఊహించలేం. ఈ సామాన్య సూత్రాన్ని పట్టుకుని ఒక నైతిక ప్రశ్న వేయవచ్చునని నా నమ్మకం. ఊరు పాడుపడింది అంటాం. నేల బీడుపడింది అంటాం. ఇల్లు శూన్యమైంది అంటాం. మూడు వాక్యాలలోనూ కర్త ఉన్నట్టే ఉన్నది: ఊరు, నేల, ఇల్లు. కాని జరిగినదానికి బాధ్యత ఊరిదా, నేలదా, ఇంటిదా? పాడుబెట్టినవాడు వాక్యానికి వెలుపల నిలబడి ఉంటే, ఆ వాక్యం చెప్పింది నిజమా, అబద్ధమా?

అబద్ధమని అనలేం. ఊరు పాడుపడిన మాట వాస్తవం. అయినా ఆ వాస్తవం చాటున ఏదో దాగి ఉన్నది. ఇలా నిజం చెబుతూనే నిజాన్ని దాచే మాటలకు నీతి అవినీతులు ఉంటాయా? ఉంటే జవాబుదారీ ఎవరు? ఈ వ్యాసంలో నేను విచారించదలచింది ఇదే.

ఇందుకు మన తెలుగుతోపాటు ఇంగ్లీషు, అరబ్బీ మాటలను తీసుకుంటున్నాను. ఇంగ్లీషు సరే, అరబ్బీ ఎందుకని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఖాళీ, ఖరాబు, హాజరు వంటి అరబ్బీ మాటలు లేకుండా మనకు రోజు గడవదు. అవి మన ఇంటి మాటలే. రెండోది, ఒక నేల ఖాళీగా ఉన్నదా, ఖాళీ చేశారా అన్న తగాదా గత నూరేళ్లలో పాలస్తీనాలో జరిగినంత తీవ్రంగా మరెక్కడా జరగలేదేమో. ఆ తగాదా ఎంతో భాగం ఇంగ్లీషు మాటలతోనూ అరబ్బీ మాటలతోనూ జరిగింది. నేను అరబ్బీ పండితుణ్ణి కాను. నిఘంటువులు చేతబట్టుకుని ధాతువుల వెంట నడిచిన తెలుగు మేష్టరును మాత్రమే.

మొదట ఇంగ్లీషు సంగతి. ఆ భాషలో పాడుబడిన స్థలాన్ని చెప్పే ముఖ్యమైన మాటలు చాలావరకు లాటిన్ నుంచి వచ్చినవి. వాటి పుట్టుక చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ‘డెసొలేట్’ అన్న మాటలో ‘సోలుస్’ ఉన్నది, అంటే ఒంటరి. లాటిన్‌లో ఆ క్రియకు అర్థం ఒంటరిని చేయడం, జనం లేకుండా చేయడం. ‘డెజర్ట్’ అంటే మనం ఎడారి అనుకుంటాం. మూలంలో అది ‘విడిచిపెట్టబడినది’. ‘వేస్ట్’ అన్న మాట ‘వాస్టుస్’ నుంచి వచ్చింది. దానికి ఖాళీ అనే అర్థం. ఒక దేశాన్ని కొల్లగొట్టి నాశనం చేయడాన్ని చెప్పే ‘డివాస్టేట్’ కూడా ఆ కుటుంబంలోదే. అంటే ఈ మాటలలో పెక్కు ఒకప్పుడు పనిని చెప్పిన మాటలు. ఎవరో ఒకరు చేస్తే జరిగిన పనిని చెప్పే మాటలు. కాలక్రమాన పని రాలిపోయి ఫలితం మిగిలింది. క్రియ విశేషణమైంది. ఒకడు చేసిన పాపం నేల గుణమై కూర్చున్నది.

‘అబాండన్’ చరిత్ర ఇంకా విచిత్రమైనది. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దానిలో ఉన్న ‘బాన్’ అధికారాజ్ఞను చెప్పే మాట. ఆ పలుకుబడికి మొదటి అర్థం ఒకదాన్ని మరొకరి అధికారానికి అప్పగించడం, వారి ఇష్టానికి వదలడం. విడిచిపెట్టడమనే అర్థం ఆ తరవాతది. అంటే ‘వదిలేసిన’ వస్తువు ఎవరికీ చెందని వస్తువు కాదు, మరొకరి చేతిలో పడిన వస్తువు. మాట మరిచిపోయిన ఈ సంగతిని చట్టాలు ఎన్నడూ మరిచిపోలేదని ముందుముందు చూస్తాం.

ఇక అరబ్బీ. అక్కడ ఎడారికి ఉన్న పేర్లే మనకు వేరే పాఠం చెబుతాయి. ‘సహ్రా’ అన్న మాట రంగును బట్టి వచ్చింది: గోధుమ, పసుపు కలిసిన రంగు. ‘బాదియా’ అంటే ఆరుబయలు. అక్కడ బతికేవాడు బదవీ, మనం బెదూయిన్ అనేవాడు. నేలను బట్టి మనిషికి పేరు వచ్చిన చోట ఆ నేల శూన్యమని ఎలా అంటాం? దక్షిణ అరేబియాలోని పెద్ద ఇసుక సముద్రాన్ని ప్రపంచపటాలు ‘రుబ్ అల్ ఖాలీ’ అంటాయి, నాలుగింట ఖాళీ భాగమని అర్థం. మన ఖాళీయే ఆ ఖాలీ. అక్కడ ఒంటెలు మేపుకొనే బదవీలు మాత్రం దాన్ని ఊరికే ‘ఇసుకలు’ అన్నారు. 1930–31లో బెర్ట్రామ్ థామస్ అనే ఆంగ్లేయుడు దాన్ని దాటిన మొదటి ఐరోపావాసిగా పేరు పొందాడు. దారి చూపింది ఆ నేల బావులెక్కడెక్కడ ఉన్నాయో తెలిసిన బదవీలే. వారికది ఖాళీ కాదు. ఖాళీ అనేది వెలుపలినుంచి చూసేవాడు పెట్టే పేరు.

అరబ్బీలో దిక్కులేనితనాన్ని, భయపెట్టే ఒంటరితనాన్ని ‘వహ్షా’ అంటారు. అడవిమృగాన్ని చెప్పే ‘వహ్ష్’ దాని తోబుట్టువు. దానికి ఎదురుమాట ‘ఉన్స్’: చనువు, తోడు, చెలిమి. మనిషిని చెప్పే ‘ఇన్స్’ ఆ ధాతువులోనే ఉన్నది. అంటే అరబ్బీవాడికి శూన్యం వస్తువులు లేకపోవడం కాదు. మనిషికి మనిషి లేకపోవడం. ఇస్లాముకు పూర్వపు కవులు తమ దీర్ఘకావ్యాలను తరచుగా ‘అత్లాల్’ దగ్గర మొదలుపెట్టేవారు. గుడారాలు ఎత్తుకుపోయిన తరవాత మిగిలిన పొయ్యిరాళ్లు, కందకాలు, మాసిన గుర్తులు: అవీ అత్లాల్. కవి అక్కడ ఒంటెను ఆపి నిలబడతాడు. ఆ సంప్రదాయం ఎంత పాతబడిందంటే ఎనిమిదో శతాబ్దం నాటికే అబూ నువాస్ దాన్ని ఎగతాళి చేశాడు. ఎంత గట్టిదంటే ఇబ్రహీం నాజీ రాసిన ‘అత్లాల్’ గేతాన్ని 1966లో ఉమ్మ్ కుల్సూమ్ పాడితే అరబ్బు దేశాలన్నీ విన్నాయి. ఆ పాతకవుల శోకంలో నాకు నచ్చే గుణం ఒకటున్నది. ఆ శూన్యంలో పేర్లుంటాయి. ఫలానా ఇసుకతిన్నె, ఫలానా వాగు, ఫలానా స్త్రీ, ఫలానా తెగ. వెళ్లిపోయినవారెవరో కవికి తెలుసు. తెలిసిన శూన్యం అది.

శూన్యాన్ని మరుగుపరిచే మాటలన్నీ ఒక్కలాంటివి కావు గనక ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. అరబ్బీలో నీరు దొరకని ప్రాణాంతకమైన ఎడారిని ‘మఫాజా’ అని కూడా అంటారు. దాని ధాతువుకు గెలవడం, గట్టెక్కడం అనే అర్థాలున్నాయి. శుభం పలకాలని అలా పేరు పెట్టారని పాత నిఘంటుకారులు చెప్పారు. మనకిది కొత్త కాదు. డబ్బాలో బియ్యం అయిపోతే మన ఇల్లాళ్లు ‘బియ్యం నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. లేమిని నిండుతనమని చెప్పడం అబద్ధం కాదా? కాదు. ఆ ఇల్లాలు తన లేమిని తాను భరిస్తూ, రేపటిమీద ఆశతో ఆ మాట అంటున్నది. వినేవారికి డబ్బా ఖాళీ అని తెలుసు, ఎవరూ మోసపోరు. కాని ఆ బియ్యం ఎత్తుకుపోయినవాడే వచ్చి ‘మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయట గదా’ అంటే? మాట అదే, నీతి మారింది. బాధపడేవాడు తన బాధను కప్పుకోవడం వేరు. బాధపెట్టినవాడు తన చేతిని దాచుకోవడం వేరు. మాటల మంచిచెడ్డలను నిఘంటువు ఒక్కటే తేల్చలేదు. పలికేవాడు ఎక్కడ నిలబడి పలుకుతున్నాడో చూడాలి.

అరబ్బీలో నాశనానికి అన్నిటికన్న ప్రసిద్ధమైన మాట ‘ఖరాబ్’. మన ఖరాబు. దాని ప్రత్యర్థి ‘ఉమ్రాన్’: జనావాసం, కట్టడం, నాగరికత. మనం ఇమారతు అంటామే, అది ఆ ధాతువులో పుట్టిందే. ఈ రెండు మాటలనూ ఎదురెదురుగా నిలబెట్టి సమాజశాస్త్రం నిర్మించినవాడు ఇబ్న్ ఖల్దూన్. 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఆయన ఒక అధ్యాయమంతా వెచ్చించి, అన్యాయమే ఉమ్రాన్‌ను ఖరాబు చేస్తుందని వాదించాడు. జనం సొత్తును ఊరికే లాక్కోవడం ఒక్కటే అన్యాయం కాదన్నాడు. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడాన్ని పెద్ద అన్యాయాల్లో లెక్కవేశాడు. అంటే మన భాషలో వెట్టి. కష్టఫలితం దక్కదని తెలిసినప్పుడు మనిషి పాటుపడడం మానుతాడు, ఊరు విడుస్తాడు, ఊళ్లు పాడుబడతాయి, చివరికి ఆ రాజ్యమే కూలుతుంది. ఇదీ ఆయన వాదసరళి. ఆయన భౌతికవాది అని నేను అనడం లేదు. ఆయన మతనిష్ఠ గల న్యాయమూర్తి. కాని ఖరాబు అనే మాటకు ఆరువందల ఏళ్లకు పూర్వమే ఆయన కర్తను చూపించాడు. విధి కాదు, గ్రహచారం కాదు: పెత్తనం చేసేవాడి చేయి.

అరబ్బీలో పుట్టినంతమాత్రాన ప్రతి మాటా పీడితుల పక్షమని పొరబడరాదు. ‘మవాత్’ అనే మాట చూడండి. మృతభూమి అని అర్థం. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో చచ్చిన నేలను బతికించినవాడికి ఆ నేలమీద హక్కు వస్తుంది. ఎంత చక్కటి భావం! దున్నేవానికే భూమి అన్న మన నినాదానికి ఎంత దగ్గర! అయితే అందుకు పాలకుని అనుమతి కావాలా వద్దా అన్నదానిమీద ధర్మవేత్తలకు భేదం వచ్చింది. కావాలన్నాడు అబూ హనీఫా. అక్కరలేదన్నారు ఆయన శిష్యులు అబూ యూసుఫ్, షైబానీ. పండితుల చర్చగా కనిపించే ఈ భేదం మీద తరవాత లక్షల ఎకరాల బతుకు ఆధారపడింది.

చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయిన 1858లోనే తురుష్క సామ్రాజ్యం ఒక భూస్మృతి వెలువరించింది. అందులో మృతభూమికి ఒక నిర్వచనం ఉన్నది. ఎవరి స్వాధీనంలోనూ లేక, ఊరి చివర నిలబడి గట్టిగా అరిస్తే వినిపించనంత దూరంలో ఉన్న నేల మృతభూమి. ఆ దూరాన్ని మైలున్నర అనీ, అరగంట నడక అనీ కూడా చెప్పారు. సుల్తాను అధికారి అనుమతితో అవసరమున్నవాడు దాన్ని సాగుచేసుకోవచ్చు. అనుమతి లేకుండా సాగుచేసినా వెల చెల్లించి పత్రం పొందే దారి ఉండేది. పాలస్తీనా బ్రిటిషువారి చేతికి వచ్చాక 1921లో ఒక శాసనం చేసి ఆ దారి మూసేశారు. అనుమతి లేకుండా మృతభూమిని బతికించినవాడికి హక్కు రాదు సరిగదా, అతిక్రమణదారుడవుతాడు. శతాబ్దాలుగా బదవీలకు బతుకునిచ్చిన నేల ఆ శాసనంతో సర్కారు లెక్కలో చచ్చింది.

1984లో ఇజ్రాయెల్ సర్వోన్నత న్యాయస్థానం నెగెవ్ ప్రాంతపు బదవీల దావాను ఈ పునాది మీదనే కొట్టివేసింది. గుడారాల గుంపు ఊరు కాదని తీర్మానించింది. ఊరు లేదు గనక అరుపు వినిపించే దూరం కొలవడానికి చోటే లేదు. ఆ తీర్పులో సాక్ష్యంగా పనికివచ్చినవాటిలో ఒక ఆంగ్లేయుడి యాత్రాగ్రంథం ఉన్నది. కేంబ్రిడ్జిలో అరబ్బీ ఆచార్యుడైన ఇ. హెచ్. పామర్ 1870 ప్రాంతంలో ఆ సీమలో తిరిగి, అక్కడి పాడుదనాన్ని వర్ణించి 1871లో ప్రకటించిన పుస్తకం అది. బాటసారి ఒకడు తన పుస్తకంలో రాసుకున్న శూన్యం నూరేళ్ల తరవాత కోర్టులో రుజువైంది. మాటలదేముంది, గొడ్డలిపెట్టా అనేవారు ఈ ఒక్క సంగతిని ఆలోచించాలి.

ఇక ఈ చర్చకు ప్రాణమైన మాటల జంటకు వస్తాను. అరబ్బీలో ‘హ-జ-ర’ అని ఒక ధాతువున్నది; విడిచివెళ్లడం అని అర్థం. హిజ్రీ శకం దీనినుంచే వచ్చింది. దీని కర్మణి రూపం ‘మహ్‌జూర్’: విడిచిపెట్టబడినది. దీనికే రెండో అక్షరాన్ని ద్విత్వం చేస్తే ప్రేరణార్థం వస్తుంది. మనం ‘ఇంచు’ చేర్చినట్టు. అప్పుడు కర్మణి రూపం ‘ముహజ్జర్’: వెళ్లగొట్టబడినది. ఒక్క ద్విత్వం. 1948 యుద్ధంలో పాలస్తీనాలో నాలుగువందలకు పైగా ఊళ్లు జనం లేనివయ్యాయి. ఏడు లక్షలకు మించి మనుషులు శరణార్థులయ్యారు. వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో 1992లో వచ్చిన గ్రంథం 418 ఊళ్లను ఒక్కొక్కదానిగా నమోదు చేసింది. ఇంగ్లీషులో ఆ ఊళ్లకు చాలాకాలం చెల్లిన పేరు ‘అబాండన్డ్ విలేజెస్’: వదిలేసిన ఊళ్లు. పాలస్తీనీయులు మాత్రం ‘ముహజ్జరా’ ఊళ్లు అంటారు: జనాన్ని వెళ్లగొట్టిన ఊళ్లు. మొత్తం తగాదా ఆ ద్విత్వంలో ఉన్నది.

దీనికి ఎదురువాదం ఉన్నది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అందరినీ తుపాకి చూపి వెళ్లగొట్టలేదు గదా, భయపడి తమంతట తాము పోయినవారూ ఉన్నారు గదా అంటారు. వాస్తవమే. కొన్ని ఊళ్లను సైన్యం ఆజ్ఞాపించి ఖాళీ చేయించింది. కొన్ని ఊళ్లు దాడి జరుగుతుండగా పారిపోయాయి. కొన్ని పొరుగూరిలో జరిగిన హత్యాకాండ విని ముందే కదిలాయి. చరిత్రకారులు ఒక్కొక్క ఊరి కథ వేరువేరుగా రాశారు. కాని ఇక్కడ రెండు పనులున్నాయి. వెళ్లడం ఒకటి. తిరిగి రానివ్వకపోవడం ఇంకొకటి. ఊళ్లో మశూచి వచ్చినప్పుడు మన పూర్వులు పొలిమేర దాటి పాకలు వేసుకునేవారు. ఇల్లు వదిలేశారని వాళ్ల ఇల్లు మరొకడు రాయించుకోలేదు. భయపడి వెళ్లడం వెళ్లినవాడి పని. తలుపు మూయడం మూసినవాడి పని. ‘వదిలేసిన’ అన్న మాట ఈ రెండు పనులనూ ఒకటి చేసి రెండిటి భారమూ వెళ్లినవాడి నెత్తినే పెడుతుంది.

1948 జూన్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసిన ‘అబాండన్డ్ ఏరియాస్’ శాసనం ఈ మాటకు ఇచ్చిన నిర్వచనం గమనించదగినది. సైన్యం జయించిన ప్రాంతం గాని, సైన్యానికి లొంగిపోయిన ప్రాంతం గాని, జనం అంతా లేక కొంత విడిచిపోయిన ప్రాంతం గాని, ఉత్తర్వుతో ప్రకటిస్తే, ‘వదిలేసిన ప్రాంతం’ కాగలదు. అంటే జనం ఉండగానే ఊరు వదిలేసినది కావచ్చు. ‘బాన్’ అన్న పాతమాట ఇక్కడ తన అసలు రూపంతో తిరిగివచ్చింది: ఒకరి సొత్తు మరొకరి అధికారం కిందికి పోవడం.

1950లో వచ్చిన గైరుహాజరుదార్ల ఆస్తి చట్టం మరొక అడుగు వేసింది. యుద్ధకాలంలో తమ ఇల్లు విడిచి పక్క ఊరికి పోయి, దేశం దాటకుండా అక్కడే మిగిలి పౌరులైనవారు కూడా వేలాదిగా ఆ చట్టం కింద గైరుహాజరుదార్లయ్యారు. వారికొక పేరు వచ్చింది: అరబ్బీలో ‘హాదిర్ గాయిబ్’, ఉండీ లేనివాడు. హాదిర్ అన్నది మన హాజరే. గాయిబ్ అన్నది మన హైదరాబాదీలు ‘గాయబ్’ అనేదే. నేను రోజూ తరగతిలో హాజరు పిలుస్తాను. పిల్లవాడు లేచి ‘ఉన్నానండి’ అంటాడు. వాడు ఎదుట నిలబడి ఉన్నానంటుండగా నేను పట్టీలో గైరుహాజరు అని రాస్తే నన్ను పిచ్చివాడంటారు. ఒక రాజ్యం చట్టం చేసి ఆ పని చేస్తే దాన్ని పరిపాలన అంటారు.

ఇంతవరకు చదివిన పాఠకులలో కొందరికి, ముఖ్యంగా మన ఉద్యమమిత్రులకు, ఒక సందేహం రావచ్చు. భూమి సంగతి తేల్చక మాటల సంగతి ఎందుకు? ఆస్తి సంబంధాలు మారితే మాటలు వాటంతటవే మారవా? ఈ వాదంలో సగం నిజమున్నది. ద్విత్వం సరిచేసినంతలో ఒక్క ఊరూ తిరిగి లేవదు. కాని పై ఉదాహరణల్లో మాట భూమిని అనుసరించలేదు. భూమికన్న ముందు నడిచింది. మృతం, వదిలేసిన, గైరుహాజరు: ముందు పేరు పెట్టారు, ఆ పేరుమీద స్వాధీనం చేసుకున్నారు. జాన్ లాక్ 1689లో ఆస్తిహక్కును సిద్ధాంతీకరిస్తూ, సేద్యం లేక ప్రకృతికి వదిలిన నేల ‘వేస్ట్’ అని చెప్పి, దానికి ఉదాహరణలు అమెరికాలో చూపించాడు. అమెరికా ఆదివాసుల వేట, సాగు, దారులు, శ్మశానాలు ఆ ఒక్క మాటలో మునిగిపోయాయి. మాట ఉపరితలంలో ఉన్నంతమాత్రాన నిష్క్రియమని అనుకోవడం మార్క్సిజం కాదు, బద్ధకం.

రెండో సందేహం సాహిత్యపరమైనది. ప్రతి శూన్యానికీ కర్తను చూపమంటే కవిత్వం పోలీసు రిపోర్టు కాదా? కరువు వస్తుంది, ఏరు దారి మారుతుంది, తల్లి చనిపోతుంది. అక్కడ ఎవరిని వేలెత్తి చూపాలి? చూపనక్కరలేదు. కర్త లేనిచోట కర్తను కల్పించడం కూడా అబద్ధమే. మన అభ్యుదయ కవిత్వంలో ఆ అబద్ధానికి కొదవలేదు. నేనడిగేది ఇంతే: కర్త ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను రచయిత తనకు తాను వేసుకోవాలి. వేసుకోకుండా శూన్యాన్ని అందంగా వర్ణించేవాడు పామర్ చేసిన పనే చేస్తాడు, తనకు తెలియకుండా.

మూడోది సందేహం కాదు, మన పక్షం తప్పించుకోరాని లెక్క. 1954లో సోవియట్ ప్రభుత్వం కజాకిస్తాన్ ఉత్తరభాగంలోనూ సైబీరియాలోనూ దున్నని నేలలను సాగులోకి తెచ్చే ఉద్యమం ప్రారంభించింది. రష్యన్‌లో దాని పేరు ‘త్సెలినా’: నాగలి తాకని నేల. ఆ పేరు విని మన దేశంలోనూ ఉప్పొంగినవారున్నారు. నాగలి తాకని మాట నిజమే. మనిషి తాకనిది మాత్రం కాదు. ఆ మైదానాల్లో తరతరాలుగా మందలు తోలుకు తిరిగిన కజాక్ సంచారులు ఉండేవారు. 1930–33లో వారిని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టి, పశువులను సమష్టి క్షేత్రాలకూ సేకరణకూ లాక్కున్న ఫలితంగా వచ్చిన కరువులో పదిలక్షలకు మించి చనిపోయారు. ఎందరో దేశం విడిచిపోయారు. 1944 మేలో క్రిమియా తాతారులను దాదాపు రెండు లక్షలమందిని మధ్య ఆసియాకు తరలించి, వారి ఊళ్ల పేర్లు మార్చేశారు. అరబ్బు పాలకులూ పవిత్రులు కారు. ఇరాక్ ప్రభుత్వం 1988లో కుర్దుల మీద జరిపిన దండయాత్రకు పెట్టిన పేరు ‘అన్‌ఫాల్’, యుద్ధంలో దొరికిన సొత్తు అని అర్థం; అందులో పదులవేలమంది హతులయ్యారు. పరాయివాడి శూన్యానికి కర్తను వెతికే మనం మనవాళ్లు చేసిన శూన్యం దగ్గర కర్మణి ప్రయోగంలోకి జారుకుంటే, మనకూ ఆ శాసనకర్తలకూ వ్యాకరణంలో తేడా ఏమిటి?

చివరగా మన ఇంటి సంగతి. ఈ మాటలు మన పొలాల మీదికి కూడా నడిచివచ్చాయి. 1878 భారత అటవీ చట్టం సర్కారు రిజర్వు అడవిగా ప్రకటించగల నేలలను చెబుతూ అడవి పక్కన ‘వేస్ట్ ల్యాండ్’ అన్న మాట చేర్చింది. మద్రాసు రాజధాని 1882లో తన చట్టం తాను చేసుకున్నది. పోడు కొట్టుకు బతికే మన్యంవాసి తన కొండమీద తానే అతిక్రమణదారుడైనాడు. 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటు వెనక పోడు మీద ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టీ ఉన్నాయి. ఇబ్న్ ఖల్దూన్ చూపిన రెండు అన్యాయాలూ ఒక్కచోటనే. నిజాం రాజ్యపు రెవెన్యూ భాషలో జనం లేని ఊరు ‘బేచిరాగు’, అంటే దీపం లేనిది. ఎవరు ఆర్పారో లెక్కలో రాయరు. శిస్తు రాని నేల ఖరాబు. లెక్క వెలుపలి నేల పోరంబోకు; ఆ మాట చివరికి మనిషిమీద తిట్టైంది. లెక్కలో లేని నేలా, లెక్కలో లేని మనిషీ ఒక్కటే.

మన మాటల్లోనే మనకొక ఆయుధం కూడా ఉన్నది. పల్లెటూరి తెలుగు కర్మణిని ఒప్పుకోదు. ‘గుడిసెలు తొలగించబడినవి’ అన్నది కచేరీ తెలుగు; ఇంగ్లీషు వాక్యానికి వేసిన ముసుగు. గుడిసె పోగొట్టుకున్న మనిషి ‘పీకేశారు’ అంటాడు. ఆ ‘రు’లో కర్త ఉన్నాడు. పేరు తెలియకపోయినా, పీకినవాళ్లు ఉన్నారని ఆ ఒక్క అక్షరం సాక్ష్యం చెబుతుంది. శ్రీశైలం జలాశయం కింద 1981లో ఊళ్లు మునిగినప్పుడు కాగితాలు వాటిని ముంపు గ్రామాలన్నాయి. నీళ్లు వచ్చి మునిగినట్టు, ఎవరూ తలుపులు మూయనట్టు. వాళ్ల భాషలో ఆ మాట ‘ముంచేశారు’. ఆనకట్ట అవసరమా కాదా అన్నది వేరే చర్చ. అవసరమే అనుకున్నా, ముంచినవాడు ముంచానని చెప్పి పరిహారం లెక్క తేల్చాలి.

2023 అక్టోబరు 13న ఉత్తర గాజాలోని సుమారు 11 లక్షల మందిని దక్షిణానికి తరలిపొమ్మని ఇజ్రాయెల్ సైన్యం ఆజ్ఞ వేసింది. ఇంగ్లీషులో అది ‘ఇవాక్యుయేషన్’. ఖాళీ అనే అర్థం గల లాటిన్ మాటనుంచి వచ్చింది. అరబ్బీలో ‘ఇఖ్లా’, మన ఖాళీకి సొంత అన్న. తెలుగులో ‘ఖాళీ చేయండి’. మన నగరాల్లో మురికివాడల గోడలకు అంటించే నోటీసుల్లో ఉండే మాట అదే. మూడు భాషలూ ఇక్కడ ఒక్క అర్థం దగ్గర కలుసుకున్నాయి. ఇందులో ఇంకొక చమత్కారం ఉన్నది. వ్యాకరణం ప్రకారం ‘ఖాళీ చేయండి’ అన్న వాక్యంలో కర్త ‘మీరు’. ఖాళీ చేసేది మీరే. ఆజ్ఞ వేసినవాడు కాదు. మర్నాడు పత్రికలో ‘జనం ఖాళీ చేశారు’ అని వస్తుంది. ఏడాది తిరిగేసరికి ‘ఖాళీ ప్రాంతం’ అవుతుంది. పదేళ్లకు పటంలో పేరుండదు. క్రియ విశేషణం కావడానికి లాటిన్‌లో శతాబ్దాలు పట్టింది; మన కాలంలో అన్ని ఏళ్లు అక్కరలేదు.

విద్యార్థులకు నేను వాక్యవిభజన నేర్పుతాను. కర్త, కర్మ, క్రియ గుర్తించమంటాను. పరీక్షలో మార్కులకు మించి దీనికి ప్రయోజనం లేదని వారిలో చాలామంది నమ్మకం. పత్రికలో, ప్రభుత్వ ప్రకటనలో, కావ్యంలో, మన సంఘం తీర్మానాల్లో సైతం ‘పాడుపడిన’, ‘ఖాళీ అయిన’, ‘వదిలేసిన’, ‘కనుమరుగైన’ అన్న మాట కనిపించినప్పుడల్లా అక్కడ ఆగి, చేసిందెవరు అని అడగడం వారికి అలవాటైతే, ఆ చదువు వృథా పోదు. అడిగాక కర్త నిజంగా లేడని తేలితే మంచిదే; అప్పుడు కవితో కలిసి దుఃఖిద్దాం. ఉన్నాడని తేలితే మాత్రం వాక్యాన్ని తిరగరాయాలి. అతడు మనవాడైనా సరే.